డెల్టా పోతపనికి లోహం ఎక్కడ కొనాలి: ఊరి తుక్కు, ఓడ తుక్కు, కొత్త దిమ్మ

అజ్జరంలో బిందెలు, చెంబులు, గంటలు చేసే ఇత్తడి పనివారికి, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల ఏరేటర్లకు విడిభాగాలు పోతపోసే చిన్న ఫౌండ్రీలకు, మిల్లుల యంత్రభాగాలు బాగుచేసే రాజమహేంద్రవరం కార్ఖానాలకు ఉమ్మడిగా ఉన్న ప్రశ్న ఒకటి ఉంది. కరిగించే లోహాన్ని ఊరి పాత సామాను కొట్టులో కొనాలా, విదేశం నుంచి ఓడ మీద కంటైనర్‌లో తెప్పించుకోవాలా (దీన్నే ఇక్కడ ఓడ తుక్కు అంటున్నాను), దిగుమతిదారు గోదాములో తీసుకోవాలా, లేక కొత్త దిమ్మలే కొనాలా? 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి గనుక, చెంబులకూ బిందెలకూ గిరాకీ పెరుగుతుందని ఇప్పటినుంచే సరుకు కూడబెట్టదలచినవారికి ఈ ప్రశ్న మరింత అవసరం. ఇత్తడి, రాగి, అల్యూమినియం పనివారిని దృష్టిలో ఉంచుకుని ఈ పోలిక రాస్తున్నాను.

ఇనుము సంగతి ముందే ముగిస్తాను. ప్రపంచ విపణిలో ఎక్కువగా వినిపించే 80:20 (మొదటి రకం 80, రెండో రకం 20 పాళ్లు) భారీ ఉక్కు తుక్కు పెద్ద ఉక్కు కొలిముల కోసం ఉద్దేశించిన సరుకు. తుర్కియే వంటి దేశాలు దాన్ని ఓడలకు ఓడలే దించుకుంటాయి. డెల్టాలోని పోతయినుము ఫౌండ్రీకి అది పనికివచ్చే సరుకు కాదు. పాత మిల్లుల పోత భాగాలు, విశాఖ ఉక్కు కర్మాగారం అమ్మే ముడియినుము కలిపి వాడుకోవడమే ఈ ప్రాంతానికి సరిపడే పద్ధతి.

తరుగు కట్టిన తరువాతే ధర

కొట్టులో చెప్పే ధర తూకానికి చెప్పేది. పనివాడికి కావలసింది మూసలోంచి అచ్చులోకి పోసిన లోహానికి పడిన ధర. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే తరుగు. మట్టి, నూనె, తేమ, రబ్బరు, ఇనుప బోల్టులు, పైన తేలే మలినం, ఆవిరైపోయే తుత్తునాగం (జింక్) అన్నీ ఈ తరుగులోకే వస్తాయి. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తుత్తునాగం 907 డిగ్రీలకే మరుగుతుంది. అందువల్ల ఇత్తడిని అవసరానికి మించి వేడిచేసిన ప్రతిసారీ తెల్లని పొగగా లేచిపోయేది మనం డబ్బిచ్చి కొన్న తుత్తునాగమే.

అర్థం కావడానికి ఒక లెక్క వేద్దాం. ఇవి నేటి ధరలు కావు, పోలిక కోసం అనుకున్న అంకెలు. ఊరి ఇత్తడి తుక్కు కిలో 100 రూపాయలు, తరుగు 12 శాతం అనుకుంటే, పోతకు దక్కిన కిలో దాదాపు 113 రూపాయల 64 పైసలు పడుతుంది. ఓడ తుక్కు అన్ని ఖర్చులతో కార్ఖానా చేరేసరికి 104 రూపాయలై, తరుగు 5 శాతమే ఉంటే, కిలో 109 రూపాయల 47 పైసలవుతుంది. ఇక్కడికి ఓడ తుక్కే లాభమనిపిస్తుంది. అయితే డబ్బు కట్టిన రోజు నుంచి సరుకు చేరేదాకా 60 రోజులు పట్టి, ఏడాదికి 12 శాతం వడ్డీ పడితే ఆ 104 కాస్తా 106 దాటి, దక్కిన కిలో 111 రూపాయల 66 పైసలవుతుంది. ఇంకా రేవులో నాలుగు రోజులు కంటైనర్ ఆగి, తూకంలో ఒక శాతం తగ్గితే ఊరి తుక్కుకూ దానికీ ఉన్న తేడా చాలావరకు కరిగిపోతుంది. ఈ లెక్కను ఎవరికి వారు తమ అంకెలతో వేసుకోకుండా, ఫలానావారు కంటైనర్ తెప్పించి లాభపడ్డారట అన్న మాట విని దిగడం తప్పు. నా సలహా అంతా ఈ ఒక్క లెక్క మీదనే ఆధారపడి ఉంది.

తరుగు ఎంతో తెలుసుకోవడానికి ఒకటే మార్గం. కొనబోయే రాశిలో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కలిపి యాభై కిలోలు తీసి, తూచి, కరిగించి, దిమ్మగా పోసి మళ్లీ తూచాలి. ఒక పూట పని. ఆ పూటను మిగుల్చుకున్నవారు ఏడాది పొడవునా దాని మూల్యం చెల్లిస్తారు.

ఊరి తుక్కు: దగ్గరి సరుకు, దాని గుణదోషాలు

డెల్టాలో పుట్టే తుక్కుకు ఈ నేల లక్షణాలే ఉంటాయి. పాత ఇత్తడి బిందెలు, గంగాళాలు, కాగులు ఇళ్లలోంచి బయటికి వస్తాయి. వీటికి మించిన ముడిసరుకు ఇత్తడి పనివాడికి దొరకదు. రేకుతో చేసిన పాత్ర మళ్లీ పాత్రగా మారడానికి లోహం పాళ్లు పెద్దగా సరిదిద్దనవసరం లేదు. అయితే లోపలి కళాయి తగరం పూత అనీ, అతుకుల దగ్గర సీసం కలిసిన టంకం ఉండవచ్చనీ గుర్తుంచుకుని, అతుకులను కత్తిరించి వేరుగా పెట్టాలి.

చెరువుల ప్రాంతం నుంచి వచ్చే సరుకు వేరు. ఏరేటర్ మోటార్లలోని రాగి తీగ మంచిదే కాని, దాన్ని విడదీయడానికి మోటారును తగలబెడితే రాగి నల్లబడి, వార్నిష్ మసితో, టంకంతో కలిసి ఒక మెట్టు దిగిపోతుంది. కాల్చడం వల్ల పీల్చేవారి ఊపిరితిత్తులకు కలిగే హాని ధరలో కనబడదు గాని, అది నిజమైన నష్టమే. తీగను కోసి లాగించినవారి దగ్గర నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనమని చెబుతాను. ఉప్పునీటిలో ఏళ్ల తరబడి నానిన ఇత్తడి వాల్వుల్లో తుత్తునాగం నీటిలోకి పోయి, ఎర్రబారిన బోలు రాగి మిగులుతుంది. అది సుత్తి దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. ఉప్పు పట్టిన అల్యూమినియం భాగాల తెల్లని పెచ్చు కూడా తూకంలో ఉంటుంది, మూసలో ఉండదు. నరసాపురం, అంతర్వేది వైపు పడవల నుంచి వచ్చే సరుకును ఈ కారణంగానే విడిగా తూచి, విడిగా ధర కట్టాలి.

పన్ను విషయంలో ఒక మార్పును చాలామంది ఇంకా పట్టించుకోలేదు. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్‌టీలో నమోదు కాని వ్యక్తి దగ్గర నమోదైన వ్యాపారి లోహపు తుక్కు కొంటే, ఆ 18 శాతం పన్నును కొన్నవాడే ప్రభుత్వానికి కట్టాలి. తరువాత దాన్ని జమగా తీసుకోవచ్చు గాని, ముందుగా నగదు చేతినుంచి పోతుంది. నమోదైన ఇద్దరి మధ్య జరిగే తుక్కు వ్యాపారంలో ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే కొన్నవాడు 2 శాతం పన్నును మూలంలోనే మినహాయించాలి. ఊరి తుక్కు చవక అనుకున్నవారు ఈ నగదు కదలికను కూడా లెక్కలో వేసుకోవాలి.

దగ్గరి సరుకు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం కూడా సరికాదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60 ఉన్న పరికరాన్ని విడదీసినప్పుడు రేడియేషన్ సోకి ఒక మనిషి మరణించాడు. అది దేశంలోపలే వేలంలో అమ్ముడైన పాత పరికరం. ఆసుపత్రుల, ప్రయోగశాలల పాత యంత్రాలలో బరువైన సీసపు తొడుగు ఉన్న ఏ భాగాన్నయినా తెరవకుండా పక్కన పెట్టి అధికారులకు తెలపడం డెల్టాలోని ప్రతి కొట్టూ పాటించవలసిన నియమం.

ఓడ తుక్కు: పేరు మీద నడిచే వ్యాపారం

విదేశీ తుక్కుకు అమెరికాలోని తుక్కు వ్యాపారుల సంఘం పెట్టిన చిన్న చిన్న పేర్లు వాడుకలో ఉన్నాయి. పూర్వం ఇస్రీ అనిపించుకున్న ఆ సంఘం 2024 నుంచి రీమా అనే పేరుతో ఉంది. ఆ పేర్లు ముద్దుగా వినిపించినా ఒక్కొక్కటీ ఒక ఒప్పందంతో సమానం. ‘బార్లీ’ అంటే మెరిసే వట్టి రాగి తీగ, ‘బర్చ్’ అంటే రెండో రకం రాగి తీగ, ‘టాలన్’ అంటే కొత్త అల్యూమినియం తీగ, ‘టెన్స్’ అంటే కలగలుపు అల్యూమినియం పోతభాగాలు, ‘జోర్బా’ అంటే యంత్రంతో ముక్కలు చేసిన, ప్రధానంగా అల్యూమినియం ఉండే మిశ్రమం.

ఇత్తడి పనివారు తెలుసుకోవలసినవి రెండు: ‘హనీ’, ‘లేబుల్’. హనీ అంటే కలగలుపు పసుపు ఇత్తడి. కుళాయిలు, గొట్టాలు, కడ్డీలు, పూత పూసిన భాగాలు అన్నీ అందులో రావచ్చు. ఇనుము, రేడియేటర్లు, మాంగనీస్ కంచు, అల్యూమినియం కంచు, తూటాల తొడుగులు మాత్రం ఉండకూడదు. కడ్డీ ఇత్తడిలో, తేలికగా తొలిచేందుకు, మూడు శాతం దాకా సీసం కలిపి ఉంటుంది. హనీ పేరుతో వచ్చిన సరుకులో ఇది సహజంగా ఉంటుంది గనుక అమ్మినవాడిని తప్పుపట్టే వీలు లేదు. తలుపు గొళ్లేలకు, అలంకరణ వస్తువులకు అది చాలు. మనుషులు నీళ్లు తాగే చెంబుకు, వంట వండే గిన్నెకు మాత్రం హనీని వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. లేబుల్ అంటే సీసం లేని కొత్త పసుపు ఇత్తడి రేకుల కత్తిరింపులు. దాని ధర ఎక్కువే. పుష్కరాలకు గోదావరి నీళ్లు పట్టుకుపోయే చెంబులు చేయదలచినవారు ఆ ధర పెట్టాలి, లేదా ఊళ్లోని పాత బిందెలకు వెళ్లాలి.

ధర లండన్ లోహ విపణిని బట్టి నిర్ణయమవుతుంది. 1877 నుంచి నడుస్తున్న ఆ విపణిలో రాగి, తుత్తునాగం, అల్యూమినియం, సీసం, తగరం, నికెల్‌లకు ధర ఉంటుంది. ఇత్తడి అక్కడ అమ్ముడుపోదు కాబట్టి, దాని ధరను రాగి, తుత్తునాగాలను బట్టి లెక్కకట్టి, తుక్కు ధరను రాగి ధరలో ఇంత శాతమని మాట్లాడుకుంటారు. అక్కడ రాగి ఒప్పందానికి కనీస పరిమాణం, అంటే ఒక లాట్, 25 టన్నులు. ఓడ నడిసముద్రంలో ఉండగా ధర పడిపోతే కాపాడుకోవడానికి చిన్న కార్ఖానాకు అది అందదు. ముంబైలోని సరుకుల విపణి ఎంసీఎక్స్‌లో రాగి లాట్ 2.5 టన్నులు. నెలకు ఐదారు టన్నులు వాడేవారు దాన్ని రక్షణగా వాడుకోవచ్చు గాని, జూదంగా మార్చుకోకూడదు. 2022 మార్చి 8న నికెల్ టన్ను ధర లక్ష డాలర్లు దాటినప్పుడు లండన్ విపణి ఆ రోజు లావాదేవీలనే రద్దు చేసింది. అంత పెద్ద సంస్థకే అటువంటి రోజు వచ్చిందని తలచుకుంటే, రెండు నెలలు ధరను తెరిచి ఉంచడం ఎంత భారమో తెలుస్తుంది.

ఇరవై అడుగుల కంటైనర్‌లో సాధారణంగా ఇరవై టన్నులకు పైగా తుక్కు వస్తుంది. కాకినాడ రేవు దగ్గరే ఉన్నా, అది బియ్యం వంటి సరుకులు ఓడలకు ఎక్కించే రేవుగా పేరు పొందింది. డెల్టావారి కంటైనర్ తుక్కుకు విశాఖే సహజమైన దారి, ఆ తరువాత చెన్నై. ముక్కలు చేయని తుక్కును ప్రభుత్వం పేర్కొన్న రేవుల ద్వారానే, సాధారణంగా ఎగుమతికి ముందు తనిఖీ చేసిన ధ్రువపత్రంతో తేవాలి. ఆ పత్రంలో పేలుడు పదార్థం లేదనీ రేడియేషన్ లేదనీ ఉండాలి. ఈ నియమం వెనుక చావులు ఉన్నాయి. 2004లో ఢిల్లీ దగ్గరి ఘాజియాబాద్‌లో దిగుమతి తుక్కుతో పాటు వచ్చిన యుద్ధపు గుండ్లు పేలి కార్మికులు మరణించారు. కాబట్టి ధ్రువపత్రం ఇచ్చే సంస్థ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జాబితాలో ఉందో లేదో, బయానా పంపకముందే చూసుకోవాలి.

ఇక మోసం గురించి. బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీపత్రం, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, ఉంటే భయం లేదని చాలామంది నమ్ముతారు. ఆ పత్రం నడిచే అంతర్జాతీయ నియమావళి ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలను, సరుకును కాదు. కాగితాలు సరిగా ఉంటే, కంటైనర్‌లో ఏమున్నా బ్యాంకు డబ్బు చెల్లిస్తుంది. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రశీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లో కూడా, సరుకు నింపినదీ లెక్కపెట్టినదీ పంపినవాడేనన్న మాట ఉంటుంది, అంటే ఓడవారు లోపలి సరుకుకు పూచీ పడరు. 2020లో ఒక పెద్ద అంతర్జాతీయ వ్యాపార సంస్థ తుర్కియేలో కొన్న రాగి బదులు, రంగు పూసిన రాళ్లు చైనా రేవుకు చేరాయి. 2023 మార్చిలో లండన్ విపణి తన గుర్తింపు ఉన్న రోటర్‌డామ్ గోదాములో నికెల్ ఉండవలసిన సంచుల్లో రాళ్లు ఉన్నట్టు బయటపెట్టింది. అంత అనుభవం ఉన్నవారికే అలా జరిగింది.

నాకు తెలిసిన నలుగురు పనివారితో కలిసి నేనూ ఒక కంటైనర్ హనీ తెప్పించాను. తలుపు దగ్గరి మూడో వంతు సరుకు ఫొటోలో చూసినట్టే ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ ఇత్తడి పూత పూసిన ఇనుప వాల్వులు బయటపడ్డాయి. ఫొటోలు తలుపు దగ్గర తీసినవే పంపారనీ, కంటైనర్ సగం నిండినప్పుడు తీసిన ఫొటో అడగలేదనీ అప్పుడు గ్రహించాము. అమ్మినవాడు పరిహారంగా ఇచ్చింది నష్టంలో నాలుగో వంతు కూడా కాదు. అప్పటినుంచి నేను అడిగేవి ఇవి: ఖాళీ కంటైనర్, పావు, సగం, ముప్పావు నిండినప్పటి ఫొటోలు, ప్రతి ఫొటోలో కంటైనర్ నంబరు, మూసిన తరువాత సీలు నంబరు. 2016 జూలై నుంచి ఓడ ఎక్కే ప్రతి కంటైనర్‌కూ ధ్రువీకరించిన మొత్తం బరువు తప్పనిసరి అయింది కాబట్టి, ఆ బరువులోంచి ఖాళీ కంటైనర్ బరువు తీసివేసి, బిల్లులోని తూకంతో పోల్చాలి. చేతి అయస్కాంతం వెంట ఉంచుకోవాలి. అది ఇనుమును పట్టిస్తుంది గాని సీసాన్ని పట్టించదు. సీసానికి, లోహపు పాళ్లను చూపే ఎక్స్-రే గన్ పరీక్ష కావాలి. సొంతంగా కొనడం భారం గనుక అద్దెకు చేయించుకోవడం మేలు.

చెల్లింపు షరతుల్లో, పది లేదా ఇరవై శాతం బయానా, మిగతాది ఓడ చేరకముందు కాగితాల మీద అన్నది సాధారణంగా అడిగే పద్ధతి. కొత్త అమ్మకందారుడితో నేను దానికి ఒప్పుకోను. అక్కడి స్వతంత్ర తనిఖీ సంస్థను మనమే, మన ఖర్చుతో నియమించి, వారి నివేదికను చెల్లింపుకు కావలసిన కాగితాల్లో చేర్చాలి. ఆ ఖర్చు మొత్తం కంటైనర్ విలువతో పోలిస్తే చిన్నది.

సుంకం బడ్జెట్‌ను బట్టి మారుతుంది. 2024 జూలై బడ్జెట్ ఇనుప తుక్కుపై సుంకం లేకుండా, రాగి తుక్కుపై 2.5 శాతం రాయితీ సుంకాన్ని కొనసాగించింది. ఆర్డరు ఇచ్చేముందు ఆ రోజు అమల్లో ఉన్న రేటును కస్టమ్స్ ఏజెంటు చేత రాయించుకోవాలి. దానిపైన ఐజీఎస్‌టీ (దిగుమతిపై పడే జీఎస్‌టీ) రేవులోనే కట్టాలి. జమగా తిరిగి వచ్చేదే అయినా, అప్పటిదాకా 18 శాతం డబ్బు అక్కడ కూర్చుంటుంది.

గోదాములో కొనడం

దిగుమతిదారు విశాఖలోనో చెన్నైలోనో దించుకున్న సరుకును రెండు మూడు టన్నుల చొప్పున కొనడం మూడో దారి. డెల్టాలోని ఎక్కువమందికి నేను ముందుగా చూపేది ఈ దారినే. కిలోకు కొంత ఎక్కువ పెట్టినా, కళ్లతో చూసి, అయస్కాంతం పెట్టి, యాభై కిలోలు కరిగించి చూసి కొనవచ్చు. సముద్రం మీది ధరల ఆటుపోట్లు దిగుమతిదారు భరిస్తాడు. వడ్డీ కాలం రెండు నెలల నుంచి వారానికి తగ్గుతుంది. లారీ ఎక్కించేముందు అక్కడి కాటాలోను, దిగాక మన కాటాలోను తూచి, తేడా ఎంత దాటితే ఎవరు భరించాలో ఆర్డరు కాగితం మీద ముందే రాయించుకోవాలి.

సముద్రంలో ఉండగానే కాగితాలు చేతులు మారే హై సీ సేల్ దీనికి దగ్గరగా కనిపించినా స్వభావం వేరు. అందులో కస్టమ్స్ ముందు దిగుమతిదారు మనమే అవుతాము. దిగుమతి కోడ్ మనదే కావాలి, రేవులో తేడా వస్తే జవాబు చెప్పవలసిందీ మనమే. తక్కువ ధర చూసి ఇందులో దిగినవారు, కంటైనర్ తలుపు తెరవకముందే బాధ్యత మీద వేసుకున్నారని గ్రహించాలి.

కొత్త దిమ్మలు, ఏది ఎవరికి

కొత్త లోహం గురించి చెప్పవలసింది తక్కువ. అల్యూమినియం 99.7 శాతం, తుత్తునాగం 99.995 శాతం శుద్ధితో దిమ్మలుగా దొరుకుతాయి, రాగి శుద్ధిచేసిన పలకలుగా దొరుకుతుంది. ధర ఎక్కువ, తరుగు అత్యల్పం. ఆలయ గంటకు కంచు పోసేవారు, రాగి 78 పాళ్లు, తగరం 22 పాళ్లు అన్న లెక్క తప్పితే నాదం తప్పుతుంది గనుక, ఇక్కడ తుక్కు జోలికి పోకుండా కొత్త లోహమే వాడాలి. ఇత్తడి పనివారు కూడా ప్రతి మూసలో కొంత కొత్త తుత్తునాగం చివర్లో కలిపితే ఆవిరైనదాన్ని పూరించుకున్నట్టవుతుంది.

నెలకు రెండు టన్నుల లోపు వాడేవారు ఊరి పాత పాత్రల తుక్కును, దానికి తోడు గోదాము సరుకును నమ్ముకోవాలి. ఐదారు టన్నులు వాడేవారు గోదాములో స్థిరంగా కొంటూ, మంచి దిగుమతిదారుతో ఏడాది సంబంధం పెట్టుకోవడం మేలు. సొంత కంటైనర్, నెలకు కనీసం ఒక కంటైనర్ కరిగించగలిగి, రెండు కంటైనర్ల డబ్బు అప్పు లేకుండా ఆపుకోగలిగినవారికి మాత్రమే. నలుగురు కలిసి తెప్పించేటట్లయితే, సరుకు ఎలా పంచుకోవాలో, నాసి భాగం వస్తే ఎవరి వాటా ఎంతో, కంటైనర్ బయలుదేరకముందే స్టాంపు కాగితం మీద రాసుకోవాలి. మేము అలా రాసుకోలేదు. ఆ ఇనుప వాల్వుల కారణంగా మా అందరి మధ్య మాటలు తగ్గాయి, అది డబ్బు నష్టం కన్నా ఎక్కువగా బాధించింది.

పుష్కరాల సరుకుకు ఇంకొక గడువు ఉంది. ఐరోపా సమాఖ్య కొత్త వ్యర్థ రవాణా నియమం 2024 మేలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 2027 మే 21 నుంచి, ప్రధానంగా అభివృద్ధి చెందిన దేశాల సంస్థ అయిన ఓఈసీడీలో సభ్యత్వం లేని దేశాలకు అక్కడి తుక్కు వెళ్లాలంటే ఆ దేశం సమాఖ్య ఆమోదించిన జాబితాలో ఉండాలి. భారత్ ఓఈసీడీ సభ్యదేశం కాదు. ఐరోపా నుంచి వచ్చే ఇత్తడి మీద ఆధారపడదలచినవారు దాన్ని 2026 చివరికల్లా గోదాములో దించుకునేటట్టు చూసుకోవాలి. అడిగిన సరుకు కుదిరి, ఓడ ఎక్కి, విశాఖ దిగి, తణుకు రోడ్డు ఎక్కడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఆ ఆర్డరు ఆ ఏడాది దసరాకు ముందే వెళ్లాలి.